చచ్చినవాళ్ళు మాట్లాడకూడదు

చావడానికి ఈసారైనా మంచి చోటు చూసుకోవాలని ఫ్రీడా పొద్దుటినుంచీ అనుకుంటూనే ఉంది. పోయినేడాది ముళ్ళపొద పక్కన చచ్చి, పోరు అయ్యేదాకా కదలడానికి లేక నరకం చూసింది, ఆ ముందేడు పేడలో పడింది, అందుకని ఇవాళ యార్క్ పక్షం వాళ్ళు డప్పులు మోగించుకుంటూ గట్టు దిగి వస్తున్నప్పుడే ఆమె చూపు శత్రువు మీద లేదు, గడ్డి మీద ఉంది, కాస్త వాలుగా, మెత్తగా, తల ఎత్తువైపు పెట్టుకునేట్టు, సూర్యుడు మొహాన పడకుండా. యాభై ఏడేళ్ళ మోకాళ్ళు అవి, ఒకసారి పడితే మళ్ళీ లేవడం దేవుడెరుగు. ఎవరో కుర్రాడు, మొహం నిండా చెమట, కొంకి బల్లెం ఆమె భుజానికి ఆనించీ ఆనించకుండా తాకించి, "చస్తారా మేడమ్, లేకపోతే ఇంకో రెండు దెబ్బలు వేసుకుందామా" అని మర్యాదగా అడిగితే, "చాల్లే నాయనా, చస్తాను" అని చెప్పి, ముందు ఒక మోకాలు, తర్వాత రెండోది, తర్వాత చెయ్యి, అలా విడతలు విడతలుగా వాలి, చివర్లో మాత్రం చూసేవాళ్ళ కోసం ఒక మూలుగు మూలిగి వెల్లకిలా పడిపోయింది. చావడంలో ఫ్రీడాకి పేరుంది. పాతకాలపు యుద్ధాల్ని వేషాలు కట్టి మళ్ళీ ఆడి చూపించే సర్ హంఫ్రీ దళంలో కొత్తగా చేరినవాళ్ళని ఆమె దగ్గరికే పంపుతారు, ఎలా పడాలో, బల్లెం ఎటు వదలాలో, తల కింద చెయ్యి ఎప్పుడు పెట్టాలో నేర్చుకోమని.

ఇక పని లేదు. తమ లాంకాస్టర్ పక్షం ఎలాగూ ఓడిపోతుంది, అయిదు వందల ఏళ్ళ కిందట ఓడిపోయింది, ప్రతి జూలైలోనూ ఓడిపోతూనే ఉంది, ఆమె ఉన్నా లేకపోయినా. ఇనుప టోపీ అంచు నుంచి సగం ఆకాశం కనిపిస్తోంది, సగమే, ఎడమవైపు ఎప్పుడూ ఉండేదే, చీకటి అని కూడా అనలేం, వీపు వెనక ఏముందో మనిషికి చీకటిగా కనిపిస్తుందా, అసలేమీ కనిపించదు అంతే, అలాగ. తుపాకి మందు వాసన, దాన్ని తోసుకుంటూ బజారు గుడారాల వైపునుంచి ఉల్లిపాయలు వేగుతున్న వాసన, చచ్చినవాళ్ళకి ఆకలి వేయకూడదని ఎవరూ రూలు పెట్టలేదు కాబట్టి ఆకలి వేస్తోంది. మైకులో ఎవరో, తమ నాయకుడు డ్యూక్ ఎటు పారిపోతున్నాడో చెబుతున్నాడు, జనం ఓహో అంటున్నారు. గడ్డిలో నీళ్ళ చెమ్మ ఇంకా ఉంది, నిన్న రాత్రి వాన, గుడారం గుడ్డ మీద చినుకులు పడుతుంటే ఉన్ని దుప్పటి కింద పడుకుని వినడం, పొద్దున్నే పొగ, పెనం మీద కాలే రొట్టె, తడిసిన ఉన్నికీ గొర్రెకీ తేడా తెలియని ఆ వాసన, ఇందుకే వస్తుందేమో తను, పనిచేసే చోట అందరూ అడుగుతారు, అంత వయసొచ్చి ఆ వేషాలేంటి ఫ్రీడా అని, ఇంట్లో మొగుడు డెస్మండ్ అయితే అడగడం కూడా మానేశాడు, రేడియోలో క్రికెట్ పెట్టుకుని, వెళ్ళిరా, చావడం మాత్రం సాయంత్రానికి పూర్తి చేసుకుని రా అంటాడు, తోటపని చేసేవాణ్ణి మట్టి ఎందుకు పిసుకుతావని ఎవరైనా అడుగుతారా.

అప్పుడు ఎడమవైపు ఎవరో పడ్డారు.

ఇనుము చప్పుడు, ఉస్సురన్న ఊపిరి, దగ్గరే, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర. అటునుంచి వచ్చారంటే యార్క్ వాళ్ళే అయుండాలి, కానీ గెలిచే పక్షం వాళ్ళు ఇంత తొందరగా చావరే, బతికుండి చివర్లో జెండాల వెనక ఊరేగడానికే అందరూ ఎగబడతారు. తల తిప్పి చూడొచ్చు, కానీ ఎడమవైపు చూడాలంటే ఆమె మొహమంతా అటు తిప్పాలి, తాళ్ళ అవతల జనం నిలబడి ఫోటోలు తీస్తున్నారు, శవం మెడ తిప్పితే బాగుండదు. కాబట్టి వినడమే. ముక్కులోంచి వచ్చే ఊపిరి చివర చిన్న ఈల. దాని వెనక, పెదాలు కదలకుండా, గొంతులోనే గొణుగుడు, ఏదో పాటలాగా, పాట కాదు, అంకెలు. వేల్స్ భాషలో అంకెలు. ఇరవై దాకా వెళ్ళి మళ్ళీ ఒకటి నుంచి.

 భయపడితే అంకెలు లెక్కపెట్టే మనిషి ఫ్రీడాకి ఈ లోకంలో ఒక్కతే తెలుసు, సరిహద్దు అవతలి కొండల ఊరిది, బడిలో పిల్లలకి వంట వండేది, దంతాల డాక్టరు దగ్గర, పరీక్షల ముందు, పెళ్ళిలో కూడా లెక్కపెట్టానని నవ్వుతూ చెప్పిన మనిషి. నెరిస్. చూసి తొమ్మిదేళ్ళు.

ఆ గొణుగుడు మొదటిసారి విన్నది బస్సులో. ఫ్రీడా అప్పుడు బస్సు నడిపేది, నది పక్క ఊళ్ళన్నీ చుట్టి వచ్చే రూటు, ఎవరెక్కడ ఎక్కుతారో, ఎవరు చిల్లర లేకుండా వస్తారో, ఏ మలుపులో ఎవరి కుక్క అరుస్తుందో అన్నీ తెలిసిన రూటు, పెద్ద స్టీరింగు, పొద్దున మొదటి ట్రిప్పులో పొలాల మీద పొగమంచు రోడ్డు దాకా వచ్చి నిలబడేది, తను దాన్ని చీల్చుకుంటూ వెళ్తుంటే వెనక ముగ్గురే ముగ్గురు జనం నిద్రపోతూ, లోకం మొత్తాన్ని తనే లేపుతున్నట్టు ఉండేది. ఒక శనివారం, ఎర్ర జుట్టు మనిషి, తనకంటే ఒక గజం పొడుగున్న ఏదో కర్రని కర్టెన్ గుడ్డలో చుట్టుకుని ఎక్కింది, ఎక్కింది అంటే సగం ఎక్కింది, ఆ చివర బయటే ఉండిపోయింది, అదేంటమ్మా అని అడిగితే కర్టెన్ రాడ్ అంది, గుడ్డ జారింది, కొంకి బయటపడింది, ఇద్దరూ దానికేసి చూశారు, అప్పుడు లోపల్లోపల అంకెలు మొదలెట్టింది. దించెయ్యాలి రూలు ప్రకారం. ఫ్రీడా దించలేదు. "దీనికి కూడా టిక్కెట్టు తీసుకుంటే ఎక్కు" అంది, ఎందుకన్నదో తెలియదు, ఆ మనిషి నిజంగానే రెండు టిక్కెట్లు తీసుకుంది, దాన్ని సీట్ల మధ్య పడుకోబెట్టి డ్రైవరు వెనక సీట్లో కూర్చుని ఆగకుండా మాట్లాడింది, యుద్ధాలు, గుడారాలు, చేత్తో కుట్టిన మేజోళ్ళు, రాజు కోసం చచ్చిపోవడం, దిగేటప్పుడు, వచ్చే వారం నువ్వూ రా, నీ భుజాలు చూస్తే నాకు ఈర్ష్యగా ఉంది అంది. అలా మొదలైంది. ఫ్రీడాకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు, ఆ చలికాలమంతా నెరిస్ తన వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆమెకి అంగీ కుట్టింది, నార గుడ్డ పొర మీద పొర వేసి, వేళ్ళు రక్తాలు కారేదాకా, తాడు దూర్చే రంధ్రాలు ఒక్కొక్కటీ చుట్టూ కుట్టి. ఇప్పుడు ఒంటి మీదున్నది అదే. పారేద్దామని రెండుసార్లు చెత్తడబ్బా దాకా తీసుకెళ్ళింది. కొత్తది కొనుక్కుంది కూడా, భుజాల దగ్గర పట్టలేదు.

పక్కన అంకెలు ఆగాయి.

"ఫ్రీడా." గొంతు కాదు, ఊపిరే. "నేనే."

"తెలుసు."

 పైన ఒక కాకి, మెల్లగా, ఎవరికీ తొందర లేనట్టు. ఫిరంగి పేలింది, నేల వీపు కింద ఒకసారి ఉలిక్కిపడి సర్దుకుంది. ఆ కోట దగ్గర కూడా ఫిరంగి పేలింది కదా, ఉత్తరాన, తొమ్మిదేళ్ళ కిందట, వాన పడి వాలు జారుతోంది, రెండు వరసలూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి, ఆ రోజు మనుషులు సరిపోలేదని నెరిస్‌ని అవతలి వరసలో నిలబెట్టారు, ఇద్దరూ ఎదురెదురు పడి నవ్వుకున్నారు కూడా, చూస్కో నీ పని చెబుతా అని నెరిస్ అరిచింది, ఆ తర్వాత ఆమె కాలు జారింది, జారుతున్న మనిషి చేతిలో కర్ర పైకి లేస్తుంది, ఎవరి చేతిలో ఉన్నా లేస్తుంది, మొండి చేసిన ఇనుప మొన ఫ్రీడా టోపీ అంచు కిందుగా దూరింది. నొప్పి పెద్దగా గుర్తులేదు. ఎవరో ఆపండి ఆపండి అని అరవడం, డప్పులు ఒక్కొక్కటిగా ఆగిపోవడం, యుద్ధం మధ్యలో అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. ఎవరి తప్పూ లేదని విచారించినవాళ్ళు తేల్చారు, ఫ్రీడాకి వాళ్ళు తేల్చకముందే తెలుసు.

ఆసుపత్రికి నెరిస్ వచ్చింది. కుర్చీలో కూర్చుంది, ఏడవడం మొదలెట్టింది, ఆపలేదు. ఫ్రీడా సగం మొహానికి కట్టు, మత్తు ఇంకా దిగలేదు, చెయ్యి చాపి ఆమె వీపు రాసింది, ఏం కాదులే, ఊరుకో, ఇంకో కన్నుంది కదా అంది, కన్ను పోయినది ఎవరికో, ఓదార్చేది ఎవరో, చివరికి నర్సు కూడా నెరిస్‌కే టీ తెచ్చి ఇచ్చింది. ఇప్పుడు వెళ్ళు, మళ్ళీ వద్దువుగాని, అని చెప్పింది ఫ్రీడా, అలిసిపోయి. నెరిస్ వెళ్ళింది. మళ్ళీ రాలేదు. వారం చూసింది, నెల చూసింది, దళంలోంచి పేరు తీయించుకుందని కెప్టెన్ లయొనెల్ చెప్పాడు, ఫోన్ చేద్దామని చెయ్యి వెళ్ళేది, చేస్తే మళ్ళీ ఏడుస్తుంది, మళ్ళీ తను ఓదార్చాలి, అప్పటికి తన దగ్గర ఓదార్పు మిగల్లేదు, ఎందుకంటే ఆ నెలలోనే కంపెనీవాళ్ళు కాగితం పంపారు, ఒంటికన్నుతో కారు నడపొచ్చుగాని బస్సు నడపకూడదు. ఇప్పుడు డిపోలోనే పని, జనం బస్సుల్లో మర్చిపోయిన వస్తువులు తిరిగిచ్చే కౌంటరు, గొడుగులు, ఒంటి చేతి తొడుగులు, ఒకసారి ఎవరివో కట్టుడు పళ్ళు. కిటికీలోంచి తన పాత బస్సు బయల్దేరడం కనిపిస్తుంది. నడిపేది మంచివాడే, గేరు మార్చేటప్పుడు మాత్రం కొంచెం కుదుపుతాడు.

"ఇంత మైదానముంది కదే," అంది ఫ్రీడా, ఆకాశంతో చెబుతున్నట్టు, "ఇక్కడే చావాలా నువ్వు?"

"ఇక్కడైతే నువ్వు లేచి వెళ్ళిపోలేవు." ఆగి, "అరవలేవు కూడా."

ఫ్రీడాకి నవ్వొచ్చింది. రాకూడని చోట వచ్చిన నవ్వు, పొట్ట కదులుతోంది, అంగీ బిగుతుగా ఉంది కాబట్టి ఇంకా కదులుతోంది, తాళ్ళ అవతల ఎవరో అదిగో ఆవిడ ఇంకా బతికే ఉంది అన్నారు, పక్కనుంచి కూడా ముక్కులోంచి ఈల, తెగి తెగి, ఆ ఈల అర్థం ఆమెకి తెలుసు. ఈ మనిషి నవ్వు మార్చుకోలేదు. కోపమొచ్చింది వెంటనే, ఎంత తేలిగ్గా నవ్వించేసింది, తొమ్మిదేళ్ళని ఒక్క మాటతో దాటేద్దామనుకుంటోందా, ఎవరిచ్చారు ఆ హక్కు.

నెరిస్ మెల్లగా చెప్పుకొచ్చింది, మధ్యమధ్య డప్పులు మోగినప్పుడు ఆగి, జనం అరిచినప్పుడు అందుకుని. వసంతంలో ఒక వేల్స్ దళంలో చేరిందట, చేతులు ఊరుకోక. బడిలో వంట మానేసిందట. ఈ పోరుకి ఎవరెవరు వస్తున్నారో చూసి సర్ హంఫ్రీ దళం పేరు కనబడగానే మానేద్దామనుకుందట, తర్వాత రావాలనే అనుకుందట, పొద్దుటినుంచీ ఫ్రీడా గుడారం వెనక రెండుసార్లు తిరిగి వెళ్ళిపోయిందట. దూరంనుంచి అంగీ చూసి గుర్తుపట్టిందట.

"ఇంకా అదే వేసుకుంటున్నావే?"

"వేరేది పట్టట్లేదు."

అప్పుడే నీళ్ళు మోసే ఐవీ వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, పోరు జరుగుతుండగా కూజా చంకన పెట్టుకుని శవాల మధ్య తిరగడం ఆమె పని, బతికున్నవాళ్ళకి నీళ్ళిస్తుంది, చచ్చినవాళ్ళ దగ్గర వాళ్ళ తల్లిలాగా ఏడ్చినట్టు వంగి, ఎవరూ చూడకుండా వాళ్ళకీ పోస్తుంది. ఫ్రీడా మీదికి వంగి, గుండె బాదుకుంటున్నట్టు చేసి, గొంతు మాత్రం మామూలుగా, "చచ్చినవాళ్ళు మాట్లాడకూడదు, అవతలి తాడు దాకా వినబడుతోంది" అంది. నోట్లో నీళ్ళు పోసింది, సగం చెవిలోకి పోయాయి. తర్వాత పక్క శవం మొహం చూసింది. చాలాసేపు చూసింది. ఆ నోట్లో కూడా నీళ్ళు పోసి, లేచి, నెమ్మదిగా మాట్లాడుకోండి అని వెళ్ళిపోయింది.

నీళ్ళు మెడ మీదుగా కారి నారలోకి ఇంకుతున్నాయి, చల్లగా, హాయిగా. దూరంగా డ్యూక్‌ని పట్టుకున్నారని మైకు చెబుతోంది. అంటే ఇంక ఎక్కువసేపు లేదు, డ్యూక్ దొరికితే తర్వాత తీర్పు, తీర్పు తర్వాత బూరలు.

"నేను రెండోసారి వచ్చాను," అంది నెరిస్. "ఆసుపత్రికి. కింద కార్లు పెట్టేచోట కూర్చుండిపోయాను. మూడోసారి కూడా. పైకి వస్తే ఏడుస్తాను, నువ్వు నా వీపు రాస్తావు. ఆ చెయ్యి నేను మర్చిపోలేకపోయాను."

కార్లు పెట్టేచోటు. ఫ్రీడా మంచం పక్క కిటికీ అటే ఉండేది, చూసిందేమో, ఒక్కకన్నుతో దూరాలు లెక్కకట్టడం అప్పుడప్పుడే నేర్చుకుంటూ కార్లనే చూసేది, ఏది దగ్గరిదో ఏది దూరందో, వాటిలో ఒకదాంట్లో ఈమె ఉందన్నమాట, అంకెలు లెక్కపెట్టుకుంటూ. లోపల ఏదో వదులైంది, వదులైన చోటునుంచి జాలి కాకుండా ఇంకోటి పైకొచ్చింది, తొమ్మిదేళ్ళుగా ఎవరికీ చెప్పనిది, డెస్మండ్‌కి కూడా, ఎందుకంటే అందరూ నువ్వెంత ధైర్యస్థురాలివి అంటారు, ఆ మాట అన్నాక ఇంకేం చెబుతాం.

"బస్సు తీసేసుకున్నారు నా దగ్గర," అంది.

"తెలుసు. లయొనెల్ చెప్పాడు."

"వాడు చెప్పడం కాదు. నేను చెబుతున్నాను. కన్ను గురించి నాకు ఏడుపు రాదు నెరిస్. బస్సు గురించి ఇప్పటికీ వస్తుంది. నీ మీద కోపం లేదని అందరితో అంటాను. ఉంది. అన్ని రోజులూ ఉండదు. పొద్దున కిటికీలోంచి అది వెళ్తుంటే చూస్తాను చూడు, అప్పుడు ఉంటుంది. నీ తప్పు కాదని తెలిసి కూడా ఉంటుంది."

అనేసింది. ఇప్పుడు మొదలవుతుంది, అనుకుంది, ఒళ్ళంతా బిగబట్టి చెవి అటు పెట్టింది, మొదట ముక్కు ఎగబీలుస్తుంది, తర్వాత ఊపిరి ముక్కలవుతుంది, తర్వాత తన చెయ్యి దానంతట అదే గడ్డి మీద పాకుతూ ఆ వీపు కోసం వెళ్తుంది. ఎదురుచూసింది. గడ్డి కదిలే చప్పుడు. ఎవరో గుర్రాన్ని అదిలిస్తున్నారు. ఊపిరి వస్తోంది, పోతోంది, చివర ఈల, ఒకటే తీరుగా. అంకెలు కూడా లేవు.

"ఊఁ," అంది నెరిస్. "ఉండనీ."

అంతే. క్షమించమని అడగలేదు, ఏడవలేదు, ఆ మాటని తీసుకుని తన దగ్గర పెట్టుకున్నట్టు ఊరుకుంది. ఫ్రీడా బిగబట్టిన భుజాలు ఒకటి తర్వాత ఒకటి నేలకి ఆనాయి. చెయ్యి కదలలేదు, కదలాల్సిన పని పడలేదు, దానంతట అది గడ్డిలో వేళ్ళు విప్పుకుని పడుకుంది. మబ్బు ఒకటి సూర్యుడి మీదికి వచ్చి నిలబడింది. ఎంతసేపైనా ఇలా ఉండొచ్చు అనిపించింది, ఎవరూ ఏమీ అడగరు, ఆకలి కూడా తగ్గినట్టుంది, పక్కన ఒక మనిషి ఊపిరి పీలుస్తోంది, ఆ ఊపిరికి తను ఏమీ చేసిపెట్టక్కర్లేదు. కునుకు పట్టిందేమో కూడా, ఒక్క క్షణం, పొగమంచు, రోడ్డు, వెనక సీట్లో ఎవరో ఆగకుండా మాట్లాడుతున్నారు.

బూరలు మోగాయి. రాజుగారు గెలిచినట్టు, దేవుడి దయ అని, ఇంకేదో అని, తర్వాత మైకులో ఆ మనిషి గొంతు పెంచి, చచ్చినవాళ్ళందరూ లేవొచ్చు అన్నాడు. జనం చప్పట్లు. మైదానమంతా శవాలు మూలుగుతూ, నవ్వుతూ, నడుములు పట్టుకుని లేస్తున్నాయి. ఫ్రీడా బోర్లా తిరిగి, మోకాలి మీదికి వచ్చి, అక్కడ కాసేపు ఆగి, బల్లెం నేలకి గుచ్చి పట్టుకుని లేచింది. లేచాక మొహమంతా ఎడమకి తిప్పి చూసింది.

నెరిస్ ఇంకా కూర్చునే ఉంది, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని. ఎర్ర జుట్టు పోయింది, బూడిద రంగు, చెమటకి నుదుటికి అంటుకుపోయి. మొహం చిన్నదైంది. ముసలిదాన్లా ఉంది, అనుకుంది ఫ్రీడా, తను ఎలా కనబడుతోందో దానికి, సగం మొహం వాడిపోయి, కన్నుండాల్సిన చోట గాజుది. నెరిస్ ఆ గాజు కన్నునే చూస్తోంది, చూపు తప్పించకుండా.

అవతలి గట్టు మీద వేల్స్ దళం వాళ్ళు నెరిస్‌ని పిలుస్తున్నారు. ఇవతల లయొనెల్ తన వాళ్ళని లెక్కపెట్టుకుంటూ ఫ్రీడా ఎక్కడ, ఫ్రీడా ఎక్కడ అంటున్నాడు. రెండు వైపుల వాళ్ళూ రెండు వైపులకి నడుస్తున్నారు, నెరిస్ లేచి, గడ్డి దులుపుకుని, బల్లెం అందుకుంది.

"రేపు ఆదివారం కూడా పోరుంది కదా?" అంది ఫ్రీడా.

"ఉంది. మేమే గెలుస్తాం."

"గెలవండి. నువ్వు మాత్రం కాస్త ముందే చావు. మొదటి ఫిరంగికే పడిపో. ఇవాళ టైము చాల్లేదు."